మీరాబెన్ – రెండు వీడ్కోళ్ళు

1924లో ఒక ఆంగ్ల వనిత ఓడ కంపెనీ కార్యాలయానికి వెళ్ళి, భారతదేశానికి పోయే ఓడలో తనకొక చోటు కావాలని అడిగారు. డబ్బు చెల్లించి టికెట్టు తీసుకున్నారు. కొద్దికాలానికే తిరిగివచ్చి, తన ప్రయాణాన్ని ఒక ఏడాది పాటు వాయిదా వేయవలసిందిగా కోరారు. డబ్బు చాలకనో, ఆరోగ్యం సరిలేకనో ఆమె అలా చేయలేదు. తాను వెళ్ళదలచిన చోట బ్రతకడానికి తాను ఇంకా తగనని ఆమెకు తోచింది. తగినదానిని కావడానికి ఒక సంవత్సరం పడుతుందని లెక్క వేసుకున్నారు.

ఆమె పేరు మేడలిన్ స్లేడ్. మన దేశం ఆమెను మీరాబెన్ అనే పేరుతో ఎరుగును. గాంధీజీకి ఆమె దత్తపుత్రిక వంటిదని, ఇంగ్లండులోని సుఖాలను వదలి సబర్మతీ ఆశ్రమానికి వచ్చిందని చాలామందికి తెలుసు. 33 సంవత్సరాలు ఈ దేశంలో సేవ చేసి, 1959 జనవరిలో ఆమె ఈ దేశాన్ని విడిచి వెళ్ళిపోయారన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు. రాకను కీర్తించినంత సులభంగా పోకను గురించి మాట్లాడలేకపోవడం మనకు అలవాటే. కాని ఆమె జీవితంలో ఈ రెండు ప్రయాణాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఆమె అర్థం కారు.

మేడలిన్ 1892 నవంబరు 22న ఇంగ్లండులో జన్మించారు. తండ్రి ఎడ్మండ్ స్లేడ్ బ్రిటిష్ నౌకాదళంలో ఉన్నతాధికారి. ఆయన ఎక్కువకాలం సముద్రం మీదనే గడపడం వల్ల ఆమె బాల్యం చాలావరకు సరే జిల్లాలో తాతగారి పల్లెటూరి ఇంట గడిచింది. గుర్రాలు, ఆవులు, చెట్లు, తోటమాలి పనిముట్లు ఆమె స్నేహితులు. జనసమ్మర్దం కంటె ఏకాంతం ఆమెకు ప్రియం. తండ్రికి తూర్పు ఇండియా నౌకాదళ విభాగంలో బాధ్యత లభించినప్పుడు యౌవనారంభంలో సుమారు రెండేళ్ళు బొంబాయిలో ఉన్నారు. అయితే ఆ రెండేళ్ళలో ఆమె చూసింది తెల్లదొరల విందులు, నాట్యాలు మాత్రమే. వాటి గోడ అవతల ఉన్న భారతదేశం ఆమె కంటబడలేదు.

ఆమెను మొదట ఆకట్టుకున్నది దేశం కాదు, సంగీతం. పదిహేనేళ్ళ వయసులో జర్మన్ సంగీత స్రష్ట బీథోవెన్ రచనలు విన్నప్పటి నుంచి ఆమె హృదయం ఆయనకే అంకితమైంది. తాను స్వయంగా గొప్పగా వాయించలేనని తెలుసుకుని, ఆ సంగీతాన్ని వినిపించే కళాకారులకు కచేరీలు ఏర్పాటు చేసే పని పెట్టుకున్నారు. బీథోవెన్ జీవితం ఆధారంగా ఫ్రెంచి రచయిత రోమా రోలా ఒక పెద్ద నవల రాశారని తెలిసి, దానిని మూలంలో చదవడానికి ఫ్రెంచి నేర్చుకున్నారు. చివరకు స్విట్జర్లాండులో ఉంటున్న ఆ రచయితను దర్శించుకున్నారు. మాటల సందర్భంలో ఆయన తాను గాంధీ అనే భారతీయుని గురించి ఒక చిన్న పుస్తకం రాశానని చెప్పారు. మేడలిన్ ఆ పేరు అంతకు ముందు వినలేదు. 1924లో ఆ పుస్తకం వెలువడగానే పారిస్‌లో కొని, ఒక్కరోజులో చదివి ముగించారు. పుస్తకం మూసేసరికి తన జీవితం ఎక్కడ గడవాలో ఆమెకు నిశ్చయమైపోయింది. టికెట్టు కొన్నది ఆ ఆవేశంలోనే. దానిని వాయిదా వేసింది ఆ ఆవేశం చల్లారి కాదు, కాస్త నిలకడ పొంది.

ఆ సంవత్సరం ఆమె చేసిన కఠోర సాధన మనం గమనించదగినది. మాంసం, మద్యం మానివేశారు. కుర్చీలకు అలవాటుపడిన శరీరానికి బాసింపట్టు వేసుకుని నేలమీద కూర్చోవడం నేర్పారు. పరుపు వదలి నేలమీద నిద్రించారు. రాట్నం సంపాదించారు. అక్కడ పత్తి సులభంగా దొరకదు కనుక ఉన్ని వడకడం నేర్చుకున్నారు. ఉర్దూ పాఠాలు చెప్పించుకున్నారు. భగవద్గీతను ఫ్రెంచి అనువాదంలో చదివారు. వేసవిలో స్విట్జర్లాండు వెళ్ళి అక్కడి రైతులతో పాటు పొలం పనులు చేశారు. అదే కాలంలో, అంటే 1924 సెప్టెంబరులో, గాంధీజీ హిందూ ముస్లిం ఐక్యత కోసం 21 రోజుల నిరాహారదీక్ష ప్రారంభించారు. ఆ దీక్ష ముగిసిన పిమ్మట మేడలిన్ తన సంకల్పాన్ని తెలుపుతూ ఆయనకు తొలి ఉత్తరం రాసి, దానితో ఇరవై పౌండ్లు పంపారు. వెంటనే బయలుదేరక ఒక ఏడాది తనను తాను పరీక్షించుకోదలచడం మంచి నిర్ణయమని గాంధీజీ బదులు రాశారు. మరుసటి ఏడాది ఆమె తాను వడికిన ఉన్ని నూలు నమూనాలు పంపారు. ఆశ్రమ జీవితం పూలపాన్పు కాదని, ఒళ్ళు వంచి పనిచేయాలని, ఇక్కడి వాతావరణం కూడా కఠినమేనని హెచ్చరిస్తూనే ఆయన ఆమెను రమ్మన్నారు.

1925 అక్టోబరు చివర ఓడ ఎక్కి, నవంబరు 7న మేడలిన్ అహమ్మదాబాదు చేరారు. రైల్వేస్టేషనుకు మహాదేవ దేశాయి, వల్లభభాయి పటేలు వచ్చి ఆమెను ఆశ్రమానికి తీసుకువెళ్ళారు. ఆమె గాంధీజీ ముందు మోకరిల్లగా ఆయన ఆమెను లేవనెత్తి, ఇకపై తనకు కుమార్తెవంటి దానివని ఆదరించారు. మీరా అనే పేరు పెట్టినదీ ఆయనే. ఆశ్రమంలో ఆమెకు అప్పగించిన తొలి పనులలో మరుగుదొడ్ల పారిశుద్ధ్యం ఒకటి. నౌకాదళాధిపతి కుమార్తె దానిని సంకోచం లేకుండా స్వీకరించారు. తెల్లని ఖద్దరు చీర కట్టారు. బ్రహ్మచర్య వ్రతం పూని తల వెంట్రుకలు కత్తిరించుకున్నారు. ఇంత వరకు వచ్చినవి కష్టాలే అయినా, ఆమె ముందే ఊహించి సిద్ధపడినవి.

సిద్ధపడనిది ఒకటి ఉంది. ఆమె బాపూ సన్నిధిని కోరి వచ్చారు. ఆయన మాత్రం ఆమెను పదే పదే దూరంగా పంపేవారు. హిందీ నేర్చుకోవడానికని కొంతకాలం ఢిల్లీకి, కొంతకాలం రేవాడికి, కొంతకాలం హరిద్వారం దగ్గరి గురుకులానికి పంపారు. ఖద్దరు పనికని బీహారు గ్రామాలకు పంపారు. ఎడబాటు కలిగినప్పుడల్లా మీరాబెన్ కుంగిపోయేవారు, అనారోగ్యం పాలయ్యేవారు. గాంధీజీ ఉత్తరాలలో ఒకసారి మందలించేవారు, మందలించినందుకు మరొకసారి బాధపడేవారు. తన శరీరాన్ని కాక తన ఆశయాన్ని ప్రేమించాలని, తన పక్కన కూర్చోవడం కంటె తన పని చేయడమే తనకు చేరువ కావడమని నచ్చజెప్పేవారు. 1924 నుంచి 1948 వరకు ఆయన ఆమెకు రాసిన ఉత్తరాలు మూడు వందలకు పైగా ఉన్నాయి. 1949లో అవి పుస్తకరూపంలో వెలువడ్డాయి. వాటిని వరుసగా చదివినవారికి ఒక గురువు తన శిష్యురాలికి ఏళ్ళ తరబడి నేర్పిన పాఠం ఒకటే కనిపిస్తుంది. విడిపోవడం ఎలాగో ఆయన ఆమెకు నేర్పుతున్నారు. ఆమె ఆ పాఠాన్ని చాలా కష్టం మీద నేర్చుకున్నారు.

1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి గాంధీజీ లండను వెళ్ళినప్పుడు మీరాబెన్ ఆయన వెంట ఉన్నారు. తాను పుట్టిపెరిగిన దేశంలో ఖద్దరు చీరతో, కత్తిరించిన జుట్టుతో తిరుగుతూ పత్రికల వారి వింత చూపులను భరించారు. తిరిగివచ్చిన తరువాత సత్యాగ్రహోద్యమంలో జైలుకు వెళ్ళారు. 1934లో బ్రిటన్, అమెరికా దేశాలలో పర్యటించి భారతీయుల స్వాతంత్ర్యకాంక్షను అక్కడి ప్రజలకు వివరించారు. పిమ్మట వార్ధా సమీపంలోని సింది గ్రామంలో ఉంటూ, ప్రతి ఉదయం చీపురు, బకెట్టు పట్టుకుని వీథులు శుభ్రం చేశారు. అక్కడి నుంచి సేగావ్ అనే మారుమూల పల్లెకు చేరి గుడిసె వేసుకున్నారు. గాంధీజీ 1936లో తానూ వచ్చి స్థిరపడిన ఆ పల్లెయే తరువాత సేవాగ్రామ్‌గా ప్రసిద్ధి చెందింది. అలా చూస్తే సేవాగ్రామ్‌కు దారి వేసినవారిలో మీరాబెన్ ముందున్నారని చెప్పాలి.

1942 ఆగస్టు 9న క్విట్ ఇండియా ఉద్యమ సందర్భంగా ఆమెను గాంధీజీతో పాటు అరెస్టు చేసి పూనాలోని ఆగాఖాన్ భవనంలో నిర్బంధించారు. సుమారు 21 నెలలు ఆమె ఆ ముళ్ళకంచె లోపల ఉన్నారు. అక్కడకు వచ్చిన వారం రోజులలోపే, ఆగస్టు 15న, మహాదేవ దేశాయి హఠాత్తుగా మరణించారు. 1944 ఫిబ్రవరి 22న కస్తూరిబా కన్నుమూశారు. తొలిరోజున స్టేషనుకు వచ్చి తనను ఆశ్రమానికి తోడ్కొనిపోయిన మనిషి, ఆశ్రమంలో తల్లివలె ఆదరించిన మనిషి, ఇద్దరికీ ఆ భవన ప్రాంగణంలోనే దహనసంస్కారాలు జరగడం మీరాబెన్ చూశారు. 1944 మే నెలలో విడుదలయ్యేసరికి ఆమెకు 51 సంవత్సరాలు.

అప్పుడామె సొంత పని కావాలనుకున్నారు. గాంధీజీ కూడా అందుకు సమ్మతించారు. రూర్కీ, హరిద్వారాల నడుమ ఒక పల్లె చెంత కిసాన్ ఆశ్రమం స్థాపించి పశుపోషణ, సేంద్రియ ఎరువుల తయారీ, గ్రామ పారిశుద్ధ్యం చేపట్టారు. స్వాతంత్ర్యానికి కాస్త ముందు సంయుక్త పరగణాల ప్రభుత్వం, అధికాహారోత్పత్తి ఉద్యమంలో ఆమెను గౌరవ సలహాదారుగా నియమించింది. ఆ పదవిలో ఆమె ఎన్నో ఊళ్ళు తిరిగారు. ఎంతో రాశారు. కార్యాలయాలలో ఒక కాగితం ఒక బల్ల మీద నుంచి మరొక బల్ల మీదకు వెళ్ళడానికి పట్టే కాలం ఎంతో ఆమెకు అనుభవంలోకి వచ్చింది. రైతుకు కావలసిన విత్తనం విత్తే కాలానికి రాకపోతే, ఆ తరువాత ఎంత మంచి విత్తనం వచ్చినా ప్రయోజనం ఏముంది? ఈ ప్రశ్న ఆమెను చివరిదాకా వదలలేదు.

1947లో రిషీకేశ్ దగ్గర గంగానది ఒడ్డున పశులోక్ అనే కేంద్రం ప్రారంభమైంది. పాలు ఇవ్వని, పనికిరాని పశువులను ఊళ్ళ నుంచి తెచ్చి అడవి అంచున మేపడం, వాటి పేడను ఎరువుగా మార్చడం, మంచి జాతిని వృద్ధి చేయడం దాని ఆశయాలు. గోరక్షణ అనేది నినాదాలతో కాక గడ్డితో, నీటితో, లెక్కల పుస్తకంతో జరగవలసిన పని అని ఆమె విశ్వాసం. ఆ పశువుల నడుమ ఉండగానే 1948 జనవరి 30 వచ్చింది. గాంధీజీ హత్యకు గురైన వార్త తెలిసినప్పుడు ఆమె ఆయన చెంత లేరు. ఇరవై రెండేళ్ళు ఆయన నేర్పిన ఎడబాటు పాఠానికి అది చివరి పరీక్ష.

మీరాబెన్ జీవితంలో మనకు అత్యంత విలువైన భాగం ఇక్కడి నుంచే మొదలవుతుందని నా అభిప్రాయం. గంగ ఒడ్డున ఉండడం వల్ల వర్షాకాలంలో ఆ నదికి వచ్చే వరదలు ఆమె కళ్ళారా చూశారు. కొండల మీద నుంచి మట్టి, రాళ్ళు, పెకలించుకు వచ్చిన చెట్లు కొట్టుకుని వచ్చేవి. పల్లెలకు దారులు తెగిపోయేవి. ఇంతటి నీరు ఒక్కసారిగా ఎందుకు దిగుతోంది? సమాధానం మైదానంలో దొరకదని గ్రహించి ఆమె ఎగువకు వెళ్ళారు. 1952 ప్రాంతంలో టెహ్రీ గఢ్వాల్‌లోని భిలంగనా నది లోయలో గోపాల్ ఆశ్రమం ఏర్పరచుకుని అక్కడి అడవులను పరిశీలించసాగారు.

హిమాలయాలలో సుమారు 5,000 నుంచి 8,000 అడుగుల ఎత్తు మధ్య బాంజ్ అనే ఓక్ జాతి వృక్షం పెరుగుతుంది. దాని ఆకులు రాలి, కుళ్ళి, నేలపై మెత్తని నల్లమట్టి పొరగా ఏర్పడతాయి. వాననీరు ఆ పొరలో ఇంకి, నెమ్మదిగా ఊటలుగా దిగువకు వస్తుంది. ఆ చెట్టు కింద పొదలు, తీగలు, గడ్డి పెరుగుతాయి. దాని ఆకు పశువులకు మేత, కొమ్మ పొయ్యికి కట్టె. దిగువ ఎత్తులలో చీర్ అనే పైన్ జాతి చెట్టు ఉంటుంది. దాని సూదుల వంటి ఆకులు రాలి నేలపై జారుడు చాపలాగా పరచుకుంటాయి. వాననీరు ఇంకకుండా దాని మీదుగా పరుగెడుతుంది. మన కోస్తా తీరంలో సరుగుడు తోటలలో నడిచినవారికి ఈ తేడా తేలికగా బోధపడుతుంది. రాలిన సరుగుడాకు కింద గడ్డి మొలవడం ఎంత అరుదో వారు చూసే ఉంటారు.

బాంజ్ అడవి తగ్గి, చీర్ అడవి పైకి పాకుతోందని మీరాబెన్ గమనించారు. చీర్ కలప, దాని బంక అటవీశాఖకు ఆదాయం తెచ్చేవి. కనుక ఆంగ్లేయుల కాలం నుంచి దానిని పెంచడమే పద్ధతిగా ఉండేది. మేత కోసం, వంటచెరకు కోసం గ్రామస్థులు మిగిలిన బాంజ్ చెట్లనే మోయలేనంతగా నరికేవారు. ఆమె తప్పును ఒక్కరి మీదనే మోపలేదు. అడవి తనదన్న భావం పోయిన పల్లెవాడు అడవిని ఎందుకు కాపాడతాడని అడిగారు. హిమాలయాలలో ఏదో అపశ్రుతి పలుకుతోందన్న భావంతో వ్యాసం రాశారు. ప్రభుత్వానికి నివేదికలు పంపారు. ప్రధాని నెహ్రూ వాటిని శ్రద్ధగా చదివి సంబంధిత శాఖలకు పంపేవారు. ఆ శాఖలలో అవి ఆగిపోయేవి. అప్పటి దేశం పెద్ద ఆనకట్టల వైపు, కర్మాగారాల వైపు చూస్తోంది. ఆకు కుళ్ళి మట్టి అయ్యే ముచ్చట వినే తీరిక ఎవరికుంది?

ఇక్కడ ఆమె లోపాన్ని కూడా చెప్పుకోవాలి. కిసాన్ ఆశ్రమం, పశులోక్, బాపూగ్రామ్, గోపాల్ ఆశ్రమం, ఆపైన కాశ్మీరులో మరొక పశుపోషణ కేంద్రం. పన్నెండు పదమూడు ఏళ్ళలో ఇన్ని చోట్లు. ఒకచోట వేరు పట్టేలోగా ఆమె మరొకచోటికి కదిలేవారు. కాశ్మీరు కొండలకు తగిన ఆవును సృష్టించాలని ఇంగ్లండు నుంచి డెక్స్టర్ అనే పొట్టిజాతి పశువులను తెప్పించారు. ఆ ప్రయోగమూ ఆమె ఆశించినట్లు నిలవలేదు. ప్రభుత్వ యంత్రాంగం తోడ్పడలేదన్నది నిజమే. అయితే తన వెనుక ఆ పనిని అందిపుచ్చుకునే స్థానికులను తగినంత మందిని ఆమె తయారు చేయలేకపోయారన్నదీ నిజమే. తాను లేకపోయినా పని సాగాలన్న ఆలోచన సేవకులకు మొదటి రోజు నుంచే ఉండాలి. మీరాబెన్‌కు ఆ ఆలోచన ఆలస్యంగా వచ్చిందనిపిస్తుంది.

కాశ్మీరు నుంచి ఆమె మళ్ళీ గఢ్వాల్ కొండలకు వచ్చి, అడవిలో పక్షికుంజ్ అనే చిన్న కుటీరంలో నివసించారు. చుట్టూ చెట్లు, పక్షులు, దూరాన మంచు శిఖరాలు. చేతిలో పెద్ద పని ఏదీ లేదు. వయసు అరవై అయిదుకు చేరింది. ఆ సమయంలో ఆమె రోమా రోలా బీథోవెన్‌పై రాసిన గ్రంథాన్ని తెరిచారు. గాంధీజీ మార్గంలో అడుగుపెట్టిన నాటి నుంచి ఆమె ఆ సంగీతాన్ని పూర్తిగా పక్కన పెట్టారు. మూడు దశాబ్దాలు తలుపు మూసి ఉంచిన గదిలోకి ఇప్పుడు గాలి వీచింది. తన యౌవనంలోని ఆ స్వరం మాసిపోలేదని, తన కోసం ఎదురుచూస్తూనే ఉందని ఆమెకు అనిపించింది. వెళ్ళిపోవాలన్న ఆలోచన ఆ కుటీరంలోనే పుట్టింది.

పుట్టిన వెంటనే ఆమె బయలుదేరలేదు. 1924లో టికెట్టు వాయిదా వేసిన మనిషి కదా! ఆమె ముందున్న చిక్కు చిన్నది కాదు. ఈ దేశం ఆమెకు ఒక పేరు ఇచ్చింది, ఒక తండ్రిని ఇచ్చింది, కారాగారం ఇచ్చింది. బాపూ దేశాన్ని విడిచిపోవడం బాపూను విడిచిపోవడం అవుతుందా? స్వతంత్ర భారతదేశం తన గురువు చూపిన గ్రామాల బాట పట్టడం లేదని ఆమెకు ఆవేదన ఉంది. కాని ఆ ఆవేదనతో అలిగి వెళ్ళిపోవడం ఆమెకు ఇష్టం లేదు. అలిగి వెళ్ళడం వేరు, పని ముగిసిందని గ్రహించి వెళ్ళడం వేరు. ఆ రెండింటిలో తన మనసులో ఉన్నది ఏదో తేల్చుకోవడానికే ఆమెకు కాలం పట్టింది. ఎదుటనున్న మనిషి కంటె పనిని ప్రేమించమని గాంధీజీ నేర్పారు. ఇప్పుడు ఆ మనిషీ లేరు, తన చేతిలో ఆ పనీ లేదు. మిగిలినది తాను. ఆ తనను ఏం చేసుకోవాలన్న ప్రశ్నకు ఆయన ఉత్తరాలలో సమాధానం లేదు. ఆమే వెతుక్కోవలసి వచ్చింది.

1959 జనవరిలో మీరాబెన్ భారతదేశం విడిచి వెళ్ళారు. 1925లో వచ్చినప్పుడు ఆమె వయసు 32, వెళ్ళేటప్పుడు 66. కొంతకాలం ఇంగ్లండులో ఉండి, 1960లో ఆస్ట్రియా చేరారు. అదే ఏడాది ఆమె ఆత్మకథ వెలువడింది. బీథోవెన్ తన రోజులలో ఒంటరిగా తిరుగాడిన వియన్నా అడవుల పల్లెలలో ఆమె ఇరవై రెండేళ్ళు నిరాడంబరంగా జీవించారు. ఆయన సంగీతం మీద గ్రంథ రచన సాగించారు. భారతదేశం నుంచి వెతుక్కుంటూ వచ్చినవారితో గాంధీజీ ముచ్చట్ల కంటె బీథోవెన్ గురించి మాట్లాడడానికే ఎక్కువ ఉత్సాహం చూపేవారు. అది వచ్చినవారిలో కొందరికి నిరాశ కలిగించింది.

ఆమె వెళ్ళిపోవడం సరైనదా, కాదా అన్న చర్చ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆమెతో పోల్చదగిన మరొక ఆంగ్ల వనిత సరళాబెన్. అసలు పేరు కేథరిన్ హైల్మన్. ఆమె 1932లో ఈ దేశానికి వచ్చి, 1946లో కుమావూ కొండలలోని కౌసానిలో బాలికల కోసం లక్ష్మీ ఆశ్రమం నెలకొల్పారు. ఆ కొండల సేవను విడువక, 1982 జూలై 8న ఆ కొండలలోనే మరణించారు. ఆమె వద్ద చదువుకున్న పిల్లలు ఎందరో తరువాత గ్రామసేవకులయ్యారు. పన్నెండు రోజుల తరువాత, 1982 జూలై 20న, ఆస్ట్రియాలో మీరాబెన్ కన్నుమూశారు. ఒకరు ఉండిపోయారు, ఒకరు వెళ్ళిపోయారు. ఉండిపోయిన వారిని చూపి వెళ్ళిన వారిని తక్కువ చేయడం న్యాయం కాదు. సరళాబెన్‌కు బడి ఉంది, పిల్లలు ఉన్నారు. మీరాబెన్‌కు ఉన్నది ఒక్క గురువు. ఆ గురువు పోయిన తరువాత కూడా పదకొండేళ్ళు ఆమె ఈ కొండలలో తిరిగారు.

ఆమె పంపిన నివేదికలు కార్యాలయాలలో నిద్రపోయినా, ఆమె చెప్పిన మాట కొండలలో నిద్రపోలేదు. గఢ్వాల్ యువకుడు సుందర్‌లాల్ బహుగుణ వంటివారు మీరాబెన్, సరళాబెన్‌ల నుంచి ప్రేరణ పొందారు. 1973లో గఢ్వాల్‌లో చిప్కో ఉద్యమం ప్రారంభమైంది. 1974లో రేణీ గ్రామంలో గౌరాదేవి నాయకత్వాన స్త్రీలు చెట్లను కౌగిలించుకుని గొడ్డళ్ళకు అడ్డు నిలిచారు. అడవి అంటే కలప, బంక కాదని, మట్టి, నీరు, గాలి అని వారు చాటిన మాటకు ఇరవై ఏళ్ళ ముందే భిలంగనా లోయలో ఒక పరదేశ స్త్రీ కాగితం మీద పునాది వేశారు. మీరాబెన్‌కు భారత ప్రభుత్వం ఆమె మరణానికి కొద్దికాలం ముందు పద్మవిభూషణ్ పురస్కారం ప్రకటించింది. గాంధీజీ జీవితంపై రిచర్డ్ అటెన్‌బరో నిర్మించిన చలనచిత్రం ఆమె మరణించిన కొద్ది నెలలకే, 1982 నవంబరులో విడుదలైంది. ఖద్దరు చీర కట్టిన మీరాబెన్ పాత్రను ప్రపంచం అందులో చూసింది.

రిషీకేశ్‌లో గంగపై నిర్మించిన ఆనకట్టను నేటికీ పశులోక్ బ్యారేజీ అని పిలుస్తారు. 2012లో ప్రారంభమైన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఆసుపత్రి ఉన్నదీ పశులోక్ ప్రాంతంలోనే. దగ్గరలోనే బాపూగ్రామ్ అనే పేట ఉంది. కొండల నుంచి రోగులను దింపుకుని వచ్చే బండ్లవారు దారి అడిగేటప్పుడు ఆ పేర్లే చెబుతారు. ఒకప్పుడు ముసలి ఆవులకు మేత కోసం, నీడ కోసం మీరాబెన్ నడిపిన కేంద్రం పేరది.